పొద చాటున ఏ-20

1939లో ఖార్కోవ్‌లోని 183వ నంబరు కర్మాగారంలో మిఖాయిల్ కోష్కిన్ బృందం తయారుచేసిన ప్రయోగాత్మక ట్యాంకు ఏ-20. ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాలు) తీసేసి చక్రాల మీద కూడా నడపగలిగిన ఆ బండికి 45 మి.మీ. ఫిరంగి అమర్చారు. అయితే ట్రాకుల మీదే నడిచే దాని జంట ఏ-32 నుంచి టి-34 పుట్టింది. ట్యాంకులతో పోరాడే ఆన్‌లైన్ వీడియో గేమ్ ‘వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్’లో మాత్రం చక్రాల నడక లేదు కాబట్టి ట్రాకు తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది, ఇంత పలుచని కవచంతో ఆగిపోతే ఇక మిగలదు.

ఈ బండి అసలు బలం చూపు. శత్రువును మీరు కనిపెట్టి నిలబడితే దెబ్బ వేయడం వెనకున్న జట్టు పని. కనిపెట్టే గరిష్ఠ దూరం 445 మీటర్లు. శత్రువుకు 50 మీటర్ల లోపలికి వెళ్తే ఏ పొదా దాచలేదు. జూబ్లీహిల్స్ బండల మధ్య తిరిగినవారికి బండ చాటుకు చేరడం సహజంగా అనిపిస్తుంది గానీ, బండ ఫిరంగి గుండుతో పాటు మీ చూపునూ ఆపేస్తుంది. పొద అయితే మిమ్మల్ని దాస్తూనే అవతల ఉన్నది చూడనిస్తుంది.

ప్రోఖోరోవ్కా మ్యాపులో మధ్య రోడ్డు వెంట ఉన్న పొదల వరుస చేరి, కదలకుండా, కాల్చకుండా నిలబడండి. బైనాక్యులర్లు బిగించి ఉంటే కదలకుండా 3 సెకన్లు ఆగాకే అవి పనిచేస్తాయి. కాల్చక తప్పదనుకుంటే పొదకు 15 మీటర్లకు పైగా వెనక్కి జరిగి కాల్చాలి. దగ్గరగా ఉండి కాలిస్తే పొద ఇచ్చే మరుగు చాలావరకు పోతుంది. శత్రువు కంట పడ్డారని తెలిపే బల్బు గుర్తు తెర మీద వెలిగేసరికి అతను మిమ్మల్ని చూసి అప్పటికే 3 సెకన్లవుతుంది, కనుక కారణం ఆలోచించకుండా వెనక్కి తీయండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా గదిలో మొదటి వారమంతా ఆ వెలుగు చూసి కూడా ‘ఇంకొక్కసారి చూద్దాం’ అని ఆగి బండి పోగొట్టుకున్నాను.

కదులుతున్నా మరుగు తగ్గకపోవడం ఏ-20 లాంటి లైట్ (తేలికపాటి) ట్యాంకులకు పెద్ద వరం. అయితే గంటకు 70 కి.మీ. వేగంలో బండి సెకనుకు 19 మీటర్లకు పైగా పోతుంది, నెట్ ఒక్క క్షణం ఆగినా బండి అదుపు తప్పుతుంది కాబట్టి, సాయంత్రం వైఫై తడబడే ఇళ్లలో ల్యాన్ తీగ పెట్టుకోవడమే మంచిది.

చివర్లో శత్రువులు పలచబడ్డాక ఫిరంగికి పని చెప్పండి: ఒంటరిగా ఉన్న ఆర్టిలరీ (దూరం నుంచి గుండ్లు వేసే ఫిరంగి బండి) వెనక్కి చేరి, అది తిరిగేలోపు కాల్చండి.