పర్సనాలిటీ టెస్టు రాశారు సరే, వ్యాపారంలో ఏం మార్చారు?

పర్సనాలిటీ టెస్టు రాసినవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఒకటే. ఫలితం చదివి, "అచ్చం నాలాగే ఉందే" అని మురిసిపోయి, స్క్రీన్‌షాట్ తీసి నలుగురికీ పంపి, మర్నాటికల్లా మర్చిపోతారు. వ్యాపారం మాత్రం పాత దారిలోనే పోతుంటుంది: ధర చెప్పేటప్పుడు అదే తడబాటు, రావాల్సిన డబ్బు అడగడానికి అదే మొహమాటం, లెక్కలు రాయడం మళ్ళీ నెలాఖరుకే.

మీకు ఏ వ్యాపారం సరిపోతుందో ఏ టెస్టూ చెప్పలేదు. ఆ ఆశతో రాయకండి. ఇప్పటికే నడుపుతున్న వ్యాపారంలో, లేదా మొదలుపెట్టబోతున్న దాంట్లో, ధర చెప్పే పద్ధతి, కస్టమర్లు వచ్చే దారి, నెలనెలా తప్పని ఖర్చులు, ఏ పని ఎవరికి అప్పగించాలన్నది, ఇవన్నీ మీ స్వభావానికి తగ్గట్టు సర్దుకోవడానికి మాత్రం టెస్టు బాగా పనికొస్తుంది.

ఏది రాయాలి

బిగ్ ఫైవ్ అనే టెస్టు రాయండి. మిగతావి సరదాకి. కొంచెం కటువుగా అనిపించినా నా అభిప్రాయం అదే.

ఎంబీటీఐ (మైయర్స్-బ్రిగ్స్ టైప్ ఇండికేటర్) అనే టెస్టు చాలామందికి తెలిసిందే, ఫలితం నాలుగు అక్షరాల్లో వస్తుంది, ఒక్కో అక్షరం ఒక్కో గుణంలో మీరు ఏ వైపో చెబుతుంది, మొత్తం పదహారు రకాల మనుషులు. సైకాలజిస్టు కార్ల్ యూంగ్ 1921లో రాసిన పుస్తకం ఆధారంగా క్యాథరిన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ దీన్ని తయారుచేశారు. ఇందులో చిక్కంతా మధ్యలో గీసిన గీతతోనే. జనంలో ఎక్కువమంది మాటకారితనానికీ మౌనానికీ నడుమ ఎక్కడో ఉంటారు, కానీ ఈ టెస్టు గీతకు కాస్త ఇటు ఉన్నవాళ్ళని ఒక గుంపులోనూ, కాస్త అటు ఉన్నవాళ్ళని పూర్తిగా ఇంకో గుంపులోనూ పడేస్తుంది. కొన్ని వారాలాగి మళ్ళీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారిపోయేది అందుకే.

బిగ్ ఫైవ్ పుట్టుక వేరు. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఓడ్‌బర్ట్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని మనుషుల తీరును చెప్పే మాటలు దాదాపు 18,000 ఏరారు. తర్వాతివాళ్ళు దశాబ్దాల తరబడి వాటిని జల్లెడపడితే చివరికి ఐదు గుంపులు తేలాయి: కలివిడితనం, క్రమబద్ధత, మెతకదనం, ఆందోళన, కొత్తదనం మీద ఆసక్తి. ఇక్కడ మీకు ఏ ముద్రా పడదు, ఒక్కోదానిలో మీరు ఎక్కడున్నారో ఒక అంకె వస్తుంది, అంతే. ఐపీఐపీ అనే ఉచిత ప్రశ్నల భాండాగారం మీద ఆధారపడిన 120 ప్రశ్నల టెస్టు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, డబ్బు పెట్టక్కర్లేదు.

ఏ టెస్టు రాసినా ఒక సంగతి గుర్తుంచుకోండి. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన 39 మంది విద్యార్థుల చేత టెస్టు రాయించి, ఎవరి ఫలితం వాళ్ళకి ఇస్తున్నట్టు నమ్మించి, అందరికీ ఒకే పేరా ఇచ్చాడు. అదీ జాతకాల పుస్తకంలోంచి ఏరిన వాక్యాలతో. ఎంత బాగా సరిపోయిందో మార్కులేయమంటే సగటున 5కి 4.26 వేశారు! అందుకే "భలే చెప్పాడే" అనిపించిన వాక్యాలను పక్కన పెట్టి అంకెల్నే చూడండి.

ఎలా రాయాలి

మామూలు రోజున రాయండి. పెద్ద ఆర్డరు వచ్చిన రోజో, కస్టమర్ తిట్టిన రోజో వద్దు. ప్రతి ప్రశ్నకీ గత కొన్ని నెలల్లో మీరు నిజంగా ఏం చేశారో దాన్నిబట్టే జవాబివ్వండి. యజమాని అన్నవాడు ఎలా ఉండాలో దాన్నిబట్టి రాస్తే అందరికీ ఒకేలాంటి ఆదర్శ పురుషుడు వస్తాడు, దాంతో ఒరిగేదేమీ లేదు. తర్వాత అదే టెస్టును మీతో రోజూ పనిచేసే మనిషి చేత మీ గురించి రాయించండి. మీ లోపలి కంగారు మీకే బాగా తెలుస్తుంది, కానీ మాట మీద నిలబడతారా, అవతలివాళ్ళు చెప్పేది వింటారా లాంటివి పక్కవాళ్ళకే బాగా కనిపిస్తాయి. రెండు కాగితాల మధ్య పెద్ద తేడా వచ్చిన చోట వాదించకండి, "ఏం చూసి అలా రాశావు?" అని మాత్రం అడగండి.

ఫలితం సాధారణంగా పర్సంటైల్‌లో వస్తుంది. 20 అంటే మార్కులు 20 అని కాదు, నూరు మందిలో దాదాపు 80 మంది మీకన్నా ఎక్కువలో ఉన్నారని. నడుమ అంకెలు వచ్చినవాటిని వదిలేయండి, అక్కడ మార్చాల్సిందేమీ ఉండదు. బాగా పైన, బాగా కింద ఉన్న ఒకటి రెండింటితోనే మన పని.

ఇంకో పని కూడా చేస్తేగానీ టెస్టుకి విలువ రాదు. రెండు వారాలపాటు రోజూ చేసిన పనులు, వాయిదా వేసిన పనులు ఒక్కో ముక్కలో రాసుకోండి. "కొటేషన్ పంపాలి, రేపు చూద్దాం." "ఇద్దరు కొత్త క్లయింట్లతో మాట్లాడాను, తర్వాత గంటసేపు బుర్ర పనిచేయలేదు." "డిజైన్ పని, టైమే తెలియలేదు." టెస్టూ ఈ కాగితమూ ఒకే చోట వేలు పెడితే అది నమ్మండి. టెస్టు ఒకటీ కాగితం ఇంకొకటీ చెబితే కాగితాన్నే నమ్మండి.

మెతకదనం ఎక్కువ వస్తే

ముందుగా మీ ధరలు చూసుకోండి. మెతక మనుషులు చాలామంది ధర బాగానే వేసుకుంటారు, చెప్పే క్షణంలోనే తగ్గించేస్తారు. అవతలివాళ్ళు ఇంకా బేరమే మొదలుపెట్టలేదు, ఫోన్‌లో రెండు సెకన్లు ఏమీ మాట్లాడలేదంతే, "మీకైతే కొంచెం చూసి వేస్తాలెండి" అని ఇటునుంచి నోరు జారిపోతుంది. ఈ గుణాన్నే మార్చుకుందామని కూర్చుంటే ఏళ్ళు పడుతుంది, ఈలోపు లాభం ఆవిరైపోతుంది. ఆ క్షణమే రాకుండా చూసుకోవడం తేలిక. ధర నోటితో చెప్పకండి, రాసి పంపండి. ఫోన్‌లో అడిగితే "సాయంత్రంలోగా వివరంగా పంపిస్తానండి" అని పెట్టేయండి. తగ్గించమంటే ఏమనాలో కూడా ఇప్పుడే, ఎవరూ ఎదురుగా లేనప్పుడే రాసిపెట్టుకోండి:

"ధర ఇదేనండి. మీ బడ్జెట్ ఇంతే అయితే పని కొంచెం తగ్గిద్దాం. ఈ మూడిట్లో ఏది తీసేయమంటారో చెప్పండి."

ఇందులో గొడవ లేదు, మొహం మీద కాదనడమూ లేదు. డబ్బు తగ్గితే పని తగ్గుతుందన్న సంగతి మాత్రం అర్థమైపోతుంది.

బాకీల సంగతీ ఇంతే. గడువు దాటిన మర్నాడు ఒకటి, వారానికి ఒకటి, రెండు వారాలకి ఒకటి, మూడు మెసేజీలు ముందే రాసి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టేస్తే వాటంతటవే వెళ్తాయి. ప్రతిసారీ గుండె చిక్కబట్టుకుని ఫోన్ చేసే బాధ తప్పుతుంది. అడ్వాన్సు లేనిదే పని మొదలుపెట్టకూడదన్న రూల్ కూడా పెట్టుకోండి, సగం తలనొప్పి అక్కడే తీరుతుంది.

మెతకదనం బాగా తక్కువ వచ్చినవాళ్ళకి బేరాలతో బాధ లేదు, కానీ మనుషులు నిలవరు. మీరైతే ఫిర్యాదులకు, చెడ్డ రివ్యూలకు జవాబు రాసి వెంటనే పంపకండి, మర్నాడు పొద్దున ఇంకొకరికి చూపించాకే పంపండి.

ఆందోళన

ఈ అంకె ఎక్కువ వస్తే వ్యాపారానికి పనికిరామేమో అని చాలామంది బెంబేలెత్తిపోతారు. 2006లో జావో, సీబర్ట్ అనే పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే, మేనేజర్లతో పోలిస్తే సొంత వ్యాపారం పెట్టినవాళ్ళలో ఆందోళన, మెతకదనం తక్కువగానూ, క్రమబద్ధత, కొత్తదనం మీద ఆసక్తి ఎక్కువగానూ కనిపించాయి. నిజమే, కానీ అవి గుంపుల సగటులు. ఒక మనిషి గురించి అవి తీర్పు చెప్పవు.

ఆందోళన ఎక్కువున్నవాళ్ళు మార్చాల్సింది డబ్బు నడిచే తీరు. లాభం కాస్త తగ్గినా సరే, నెలనెలా కచ్చితంగా వచ్చే ఆదాయం ఉన్న పనులు తీసుకోండి: వార్షిక ఒప్పందాలు, చందాలు, మెయింటెనెన్స్ లాంటివి. అద్దె, జీతాలు, ఈఎంఐల్లాంటి కదలని ఖర్చులు వీలైనంత తక్కువ పెట్టుకోండి. మనసు నెమ్మదిగా ఉన్న రోజు కూర్చుని, బ్యాంకులో ఎంతకన్నా తగ్గితే కంగారు పడాలో ఒక అంకె రాసుకోండి, దానికి పైన ఉన్నంతకాలం బ్యాలెన్స్ వారానికి ఒక్కసారే చూడాలి. చెప్పినంత తేలిక కాదు, అయినా ఏ ధ్యానం కన్నా ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

అంకె మరీ తక్కువ వచ్చినవాళ్ళది ఇంకో రకం ప్రమాదం. సగం ఆదాయం ఒక్క కస్టమర్ నుంచే వస్తున్నా హాయిగా నిద్రపోతారు. మీరు భయపడరు కాబట్టి భయపడే పని ఇంకొకరికి అప్పగించండి, మూడు నెలలకోసారి "ఏది కూలిపోవచ్చు?" అని మిమ్మల్ని కూర్చోబెట్టి అడిగేవాళ్ళు ఒకరుండాలి.

కలివిడితనం

సేల్స్ అంటే గలగలా మాట్లాడేవాళ్ళదే అనుకుంటాం. ఆడమ్ గ్రాంట్ అనే సైకాలజిస్టు 2013లో 340 మంది సేల్స్ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనంలో ఎక్కువ అమ్మింది మరీ మాటకారులూ కాదు, మరీ మౌనులూ కాదు, నడుమ ఉన్నవాళ్ళు. కాబట్టి తక్కువ వచ్చిందని దిగులు పడక్కర్లేదు.

ఇక్కడ అంకె ఒక్కటే చూసి ఆగకండి. 120 ప్రశ్నల టెస్టులో కలివిడితనాన్ని ఆరు ముక్కలుగా విడదీసి చూపిస్తారు, అందులో గుంపులో ఉండటం ఇష్టపడటం వేరు, నిలబడి తన మాట నెగ్గించుకోవడం వేరు. మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ ఉన్న మనిషిని నెట్‌వర్కింగ్ మీటింగులకు తరమడం దండగ, అదే మనిషి ఎదురుగా ఒక్కరిని కూర్చోబెడితే బేరం భేషుగ్గా ముగిస్తాడు. అలాంటివాళ్ళు కొత్తవాళ్ళ వెంట పడటం మానేసి, పాత కస్టమర్లు పంపే మనుషుల మీద, రాసి పెట్టే కంటెంట్ మీద బతికేలా వ్యాపారాన్ని మలుచుకోవాలి. కాల్స్ అన్నీ రెండు రోజులకు కుదించుకుని మిగతా రోజులు పనికి వదిలేస్తే ఇంకా మేలు.

మిగిలిన రెండూ

క్రమబద్ధత తక్కువైతే కొత్త డైరీ కొనకండి. లెక్కలు, పన్నులు, గడువులు వేరేవాళ్ళకి ఇచ్చేయండి, ఈ ఐదిట్లో డబ్బుపెట్టి బయట అన్నిటికన్నా తేలిగ్గా కొనుక్కోగలిగింది ఇదే. మరీ ఎక్కువైతే వేరే తంటా, ఏ పనీ ఎవరికీ వదలరు, వదిలినా మళ్ళీ మొదటినుంచీ చేస్తారు.

కొత్తదనం మీద ఆసక్తి బాగా ఎక్కువున్నవాళ్ళకి పాత సరుకు అమ్ముడవుతుండగానే కొత్తది మొదలెట్టాలని చేయి దురద పుడుతుంది. ఐడియాలన్నీ ఒకచోట రాసుకుని, మూడు నెలలకోసారి అందులోంచి ఒక్కటే తీయండి. ఈలోపు పాతబడి పోయినవి ఎలాగూ పోవాల్సినవే.

భాగస్వామి ఉంటే

ఇద్దరూ విడివిడిగా రాసి, ఒకేసారి కాగితాలు మార్చుకోండి. ఉద్యోగుల విషయంలో మాత్రం ఈ పని వద్దు. ఎంబీటీఐని నిర్వహించే సంస్థే దాన్ని చూసి ఎవర్నీ పనిలోకి తీసుకోవద్దంటుంది, పైగా ఉద్యోగం కావాలనుకునేవాడు నిజం రాస్తాడని ఆశించడం కూడా అన్యాయమే. పని ఇచ్చి చేయించి చూడండి.

భాగస్వామితో అంకెలు పక్కపక్కన పెట్టాక, ధరలు ఎవరు చెప్పాలి, బాకీలు ఎవరు అడగాలి, కొత్త ఖర్చుకి "వద్దు" ఎవరు అనాలి అన్నవి పేర్లతో సహా రాసుకోండి. ఇద్దరూ మెతకే అయితే, లేదా ఇద్దరికీ లెక్కలంటే పడకపోతే, ఆ పనిని వంతులు వేసుకోవద్దు. దానికి బయటి మనిషిని ముందే మాట్లాడుకుని, ఆ జీతాన్ని మొదటి నెల ఖర్చుల్లోనే కలిపి ధరలు వేసుకోండి.