ఫార్మకాలజీలో రీసెర్చ్ మాస్టర్స్: ముందు తెలిసిన మందుతో చేయి అలవాటు చేసుకోండి

రీసెర్చ్ మాస్టర్స్‌లో క్లాసులు తక్కువ, థీసిస్ బరువు ఎక్కువ. గడువు సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్లు. రెండేళ్లంటే చాలా ఉన్నట్టే అనిపిస్తుంది. అనుమతులు, రసాయనాల ఆర్డర్లు, పద్ధతి చేతికి అలవాటు కావడం వీటిలోనే ఆరేడు నెలలు పోతాయి. చివరి నాలుగైదు నెలలు రాతకు కావాలి. నికరంగా ప్రయోగాలకు మిగిలేది ఏడాది. ఏ నిర్ణయమైనా ఆ ఏడాదిని దృష్టిలో పెట్టుకునే తీసుకోవాలి.

గైడ్‌ను పేరు చూసి ఎంచుకోకండి. ఆ ల్యాబ్‌లో ఇప్పుడు వారం వారం నడుస్తున్న పద్ధతి ఏది, దాన్ని పక్కన నిలబడి నేర్పేది ఎవరు, జంతు ప్రయోగాలకు అనుమతి చేతిలో ఉందా, గత ముగ్గురు విద్యార్థులకు ఎన్ని నెలలు పట్టింది అని అడగండి. ఈ చివరి ప్రశ్నను గైడ్ లేనప్పుడు అక్కడి విద్యార్థులను అడిగితేనే సరైన జవాబు వస్తుంది. పరికరం ఉండి నడిపే మనిషి లేని ల్యాబ్‌లో మొదటి ఏడాది రిపేర్లకే సరిపోతుంది.

ఇక థీసిస్ ప్రశ్న. "ఫలానా మొక్క సారం జీర్ణకోశం మీద చూపే ప్రభావం" అనేది ప్రశ్న కాదు, శీర్షిక. జవాబుగా ఒక అంకె వచ్చేలా అడగాలి: ఈ పదార్థం గినీ పిగ్ ఇలియంలో (చిన్న పేగు చివరి భాగం) అసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనం తెచ్చే సంకోచాన్ని, అది అంటుకునే మస్కరినిక్ రిసెప్టర్ దగ్గర పోటీపడి అడ్డుకుంటుందా? అడ్డుకుంటే దాని పీఏ2 (అదే సంకోచానికి అసిటైల్‌కోలిన్ రెట్టింపు వేయాల్సి వచ్చేలా చేసే మోలార్ గాఢతకు రుణ లాగ్) ఎంత? ఇంత ఇరుకుగా అడిగితేనే ఏడాదిలో తేలుతుంది. ఒకే థీసిస్‌లో కణాలు, కణజాలం, బతికున్న జంతువు మూడూ చేస్తామనడం నేల విడిచి సాము చేయడమే.

కొత్త పదార్థాన్ని ముట్టుకునే ముందు తెలిసిన మందుతో తెలిసిన ఫలితం రాబట్టాలి. పై ఉదాహరణలో ఆ మందు, ఈ రిసెప్టర్లను అడ్డుకునే అట్రోపిన్. మస్కరినిక్ రిసెప్టర్ల దగ్గర దాని పీఏ2 సుమారు 9. మీ చేతుల్లో కూడా అది 9 దగ్గరకు వచ్చేదాకా ముందుకు కదలకండి. కొందరికి దీనికే రెండు నెలలు పడుతుంది. అది వృథా కాదు, థీసిస్‌లో మిగతా ప్రతి అంకెనూ నమ్మదగినదిగా చేసేది ఇదే.

ముందు క్రెబ్స్ ద్రావణం, అంటే కణజాలాన్ని బతికించి ఉంచే లవణ ద్రావణం. లీటరుకు సోడియం క్లోరైడ్ 6.9 గ్రా., పొటాషియం క్లోరైడ్ 0.35, మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 0.30, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.16, సోడియం బైకార్బొనేట్ 2.1, గ్లూకోజ్ 2.0 గ్రా. వీటిని కరిగించి, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న వాయువును కాసేపు బుడగలుగా పంపాలి. ఆ తరువాతే, విడిగా కరిగించిన కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 0.37 గ్రా. నెమ్మదిగా కలపాలి. కాల్షియంను ముందే వేస్తే కార్బొనేట్, ఫాస్ఫేట్ అవక్షేపాలుగా దిగి ద్రావణం మబ్బుగా మారుతుంది. మబ్బుగా ఉన్నది పారబోయడమే, వడకట్టి వాడితే కాల్షియం తగ్గి సంకోచాలు బలహీనపడతాయి. డైహైడ్రేట్ బదులు నీరు లేని కాల్షియం క్లోరైడ్ ఉంటే 0.28 గ్రా. చాలు. సీసా మీది అణుభారం చదవకుండా తూచకండి.

అణుభారం తప్పు అట్రోపిన్ దగ్గర ఇంకా గట్టిగా తగులుతుంది. దొరికేది సాధారణంగా అట్రోపిన్ సల్ఫేట్ మోనోహైడ్రేట్, అణుభారం 694.8. ఒక్కో సల్ఫేట్‌కు అట్రోపిన్ అణువులు రెండు. దీన్ని గమనించకపోతే 1 మిల్లీమోలార్ అనుకున్న స్టాక్‌లో (పలచబరిచే ముందు చేసుకునే గాఢ ద్రావణం) నిజానికి 2 ఉంటుంది, పీఏ2 0.3 పక్కకు జరుగుతుంది.

10 మి.లీ. బాత్‌లో (కణజాలాన్ని ద్రావణంలో వేలాడదీసే పాత్ర) 100 మైక్రోలీటర్లు వేస్తే స్టాక్ సుమారు వంద రెట్లు పలచబడుతుంది. 37 డిగ్రీల దగ్గర కణజాలం కుదురుకున్నాక అసిటైల్‌కోలిన్‌ను 1, 3, 10, 30 వరుసలో గాఢత పెంచుతూ వేసి, ఏ గాఢతకు ఎంత సంకోచమో చూపే కర్వ్ తీయండి. బాగా కడిగి, అట్రోపిన్ వేసి కనీసం అరగంట ఆగి, మళ్లీ కర్వ్ తీయండి. అట్రోపిన్ 3, 10, 30 నానోమోలార్ దగ్గర కర్వ్ దాదాపు 4, 11, 31 రెట్లు కుడికి జరగాలి. 1959లో అరుణలక్షణ, షిల్డ్ ఇచ్చిన ప్లాట్‌లో (జరిగిన రెట్లలోంచి 1 తీసేసి దాని లాగ్‌ను అట్రోపిన్ గాఢత లాగ్‌కు ఎదురుగా గీసేది) గీత వాలు 1 దగ్గర ఉండాలి.

రాకపోతే కారణం వెతికే దారి ఉంది. వాలు 1 కంటే బాగా ఎక్కువైతే ముందు అనుమానించాల్సింది అట్రోపిన్‌కు ఇచ్చిన సమయం చాలలేదని. తక్కువైతే కణజాలంలోని కోలినెస్టరేజ్ అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొడుతూ ఉండొచ్చు. ఆ ఎంజైమ్‌కు లొంగని కార్బకోల్‌తో చేసి చూడండి. గరిష్ఠ సంకోచమే పడిపోతే అది పోటీలేని అడ్డంకి కావచ్చు, కణజాలం అలసిపోయీ ఉండొచ్చు. ఏది నిజమో చెప్పేది, మందు వేయకుండా అదే సమయంలో అన్ని కర్వులూ తీసిన కంట్రోల్ ముక్క ఒక్కటే. కణజాలం ఆదా చేద్దామని ఈ కంట్రోల్‌ను వదిలేయడం చాలా థీసిస్‌లలో కనిపించే లోపం.

కణాలతో పనిచేసేవారికీ సూత్రం ఇదే. మందును కరిగించే ద్రావకం డీఎంఎస్ఓ తుది గాఢత 0.1 శాతం దాటకుండా చూడండి, ప్లేటులోని కంట్రోల్ బావుల్లో (కణాలు పెంచే చిన్న గుంటలు) కూడా అంతే వేయండి. మొక్క సారాలకు ఎంటీటీ పరీక్ష (బతికున్న కణాలు తెచ్చే రంగును కొలిచేది) ఒక్కటే నమ్మకండి: రిడ్యూస్ చేసే పదార్థాలు కణాలు లేకుండానే రంగు తెప్పిస్తాయి. కణాలు లేని బావిలో సారం వేసి చూస్తే గంటల్లో తేలిపోతుంది.

సంఖ్య విషయంలో మొహమాటం వద్దు. ఒకే జంతువు నుంచి తీసిన నాలుగు ముక్కలు ఎన్ (స్వతంత్ర నమూనాల సంఖ్య) 4 కాదు, ఎన్ 1. ఒకే రోజు ఒకే ప్లేటులోని మూడు బావులూ అంతే. ఒక స్టాండర్డ్ డీవియేషన్ అంత తేడాను 80 శాతం పవర్‌తో (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), 5 శాతం ఆల్ఫాతో (లేని తేడాను ఉందనుకునే అవకాశం) పట్టుకోవాలంటే గుంపుకు 17 కావాలి, ఒకటిన్నర అంత తేడాకు 9 చాలు. ఈ లెక్క ఎథిక్స్ కమిటీ దరఖాస్తుకు ముందే వేయాలి, ఎందుకంటే ఆమోదించిన సంఖ్యను తరువాత పెంచాలంటే మళ్లీ నెలలు పడుతుంది. తక్కువ జంతువులతో చేసి ఏమీ తేల్చకపోవడం పొదుపు కాదు, ఆ ప్రాణాలను వృథా చేయడం. జంతు ప్రయోగాల నివేదికకు అరైవ్ మార్గదర్శకాల 2020 రూపం ఉంది. రాసేటప్పుడు కాదు, మొదటి ప్రయోగానికి ముందే చదవండి. రాండమైజేషన్ ఎలా చేశారు, కొలిచేవారికి గుంపు తెలుసా అని అది అడుగుతుంది. చేయనిదాన్ని తరువాత రాయలేం కదా.

ఈసీ50 (గరిష్ఠ ప్రభావంలో సగం తెచ్చే గాఢత) సగటును లాగ్ విలువల మీదే తీయండి. ఎర్రర్ బార్ స్టాండర్డ్ డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా అన్నది ప్రతి బొమ్మ కింద రాయండి.

మెథడ్స్ అధ్యాయాన్ని ప్రయోగం జరిగిన వారంలోనే రాసేయండి, రసాయనాల బ్యాచ్ నంబర్లతో సహా. వైవాలో పరీక్షకులు ఎక్కువగా వేసేవి చిన్న ప్రశ్నలే: ఈ గాఢతే ఎందుకు, ఈ కణజాలమే ఎందుకు, కంట్రోల్ ఎక్కడ, ఎన్ అంటే ఇక్కడ ఏమిటి. కొత్త పదార్థం పనిచేయలేదని తేలినా, పక్కనే అదే కణజాలంలో అట్రోపిన్ కర్వ్ సరిగ్గా 11 రెట్లు జరిగిన బొమ్మ చూపగలిగితే, ఆ "పనిచేయలేదు" కూడా ఫలితంగా నిలుస్తుంది.