బిల్లు ఉన్నా ఖర్చు తగ్గింపు దక్కలేదా? ముందు ఇవి చూడండి

సమస్య: వృత్తి కోసం నిజంగానే ఖర్చు పెట్టారు, బిల్లు కూడా ఉంది, అయినా పన్ను లెక్కలో ఆ ఖర్చు ఆదాయంలోంచి తగ్గలేదు.

మొదట ఏ ఆదాయపు పన్ను రిటర్ను (ఐటీఆర్) ఫారం వేశారో చూడండి. ఈ ఒక్క పని చేయకుండానే ఫైళ్లన్నీ తిరగేసేవారు ఎందరో. వృత్తి నిపుణులు అసలు ఖర్చులు చూపకుండా అంచనా లాభంపై పన్ను కట్టే 44ఏడీఏ సెక్షన్ కింద స్థూల రాబడిలో సగాన్ని లాభంగా చూపి ఐటీఆర్-4 వేసిన వైద్యుడికైనా న్యాయవాదికైనా అద్దె, జీతాలు, తరుగుదల (వాడకంతో ఆస్తి విలువ తగ్గే మేరకు చూపే ఖర్చు) అన్నీ మిగిలిన సగంలోనే చెల్లిపోయినట్టు లెక్క; వాటిని మళ్లీ విడిగా అడిగే వీలు లేదు.

ఐటీఆర్-3 వేసి అసలు ఖర్చులే చూపినా అసెస్‌మెంట్‌లో (పన్ను అధికారి పరిశీలనలో) తోసిపుచ్చారంటే, నేను ముందుగా తెరిచేది నగదు పుస్తకం. 40ఏ(3) సెక్షన్ ప్రకారం ఒకే వ్యక్తికి ఒకే రోజున ఇచ్చిన నగదు 10,000 రూపాయలు దాటితే, పైన దాటినంత మేరకే కాక ఆ ఖర్చంతా పోతుంది. సరుకు రవాణా వాహనాలవారికి మాత్రం పరిమితి 35,000. ఈ పరిమితి వోచరుకు కాదు, రోజుకు. క్లినిక్‌లో వైరింగ్ మరమ్మతుకు ఉదయం 6,000, సాయంత్రం పని ముగిశాక 7,500 ఇచ్చి రెండు వోచర్లు రాస్తారు. వాటి నడుమ టీ ఖర్చు, పెట్రోలు ఖర్చు పడటంతో పుస్తకం చూసేవారికి అనుమానమే రాదు. పేరు, తేదీ ఒకటే కనుక 13,500 రూపాయలూ ఆదాయంలో కలుస్తాయి. క్రాస్ చేసిన చెక్కు ఇచ్చామన్నా చాలదు, అది అకౌంట్ పేయీ చెక్కే (సొమ్ము పేరున్నవారి ఖాతాలోనే జమయ్యేది) కావాలి. నిరుడు అప్పు పద్దుగా ఖర్చు రాసుకుని, ఈ ఏడు ఆ బాకీని ఇదే పరిమితి దాటి నగదుగా తీరిస్తే, ఆ సొమ్ము ఈ ఏటి ఆదాయమవుతుంది. కంప్యూటర్‌ను పరిమితి దాటిన నగదుతో కొంటే దాని మీద తరుగుదల కూడా రాదు.

పరిష్కారం: నగదు పద్దులను పేరు వారీగా, ఆపైన తేదీ వారీగా పేర్చి రోజు మొత్తాలు చూడండి. దాటినవాటిని రిటర్నులో మీరే వెనక్కి కలపండి. వోచరు తేదీలు దిద్దే ఆలోచన మాత్రం వద్దు. ఇకపై అలాంటి చెల్లింపులు యూపీఐ, నెఫ్ట్‌ వంటి బ్యాంకు మార్గాల్లోనే చేయండి.

టీడీఎస్ (చెల్లించేవారే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయవలసిన చోట కోయకపోతే ఆ ఖర్చులో 30 శాతం ఆగుతుంది, పన్ను కట్టిన ఏడాది తిరిగి దక్కుతుంది. చట్ట ఉల్లంఘనకు కట్టిన జరిమానాలు ఎలాగూ రావు. ఇక్కడి సెక్షన్లు 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 చట్టంలో నంబర్లు వేరు.