పాత సోడా సీసాలను గుర్తించడం: నాలుగో పాఠం – సీసా మీది తేదీ దేనిది?

గత పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో ఉబ్బెత్తు అక్షరాలను చాలామంది సరిగ్గానే చదివారు, కాలనిర్ణయం దగ్గరే తడబడ్డారు. ‘నవంబరు 16, 1915’ అని ఉన్న కోకాకోలా సీసాను 1915 నాటిదని రాసేశారు. ఆ తేదీ దేనిదో నేను అప్పుడే చెప్పవలసింది. అందుకని ఈసారి అనుకున్న గాజు రంగుల పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

అది సీసా తయారైన తేదీ కాదు, పేటెంటు తేదీ. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రూట్ గ్లాస్ కంపెనీకి ఆ ఆకృతి మీద హక్కు దక్కిన రోజు అది. ఆ తేదీని అచ్చులో చెక్కుకొని 1920ల చివరి వరకూ సీసాలు చేస్తూనే వచ్చారు. ఆ తరువాత సీసాల మీదికి ఎక్కిన ‘డిసెంబరు 25, 1923’ కూడా పేటెంటు తేదీయే. ఆ సీసాలు ఎక్కువగా 1930లలో తయారైనవి. కాబట్టి 1923 అని ఉన్నంత మాత్రాన సీసా 1923 నాటిది కాదు. పేటెంటు తేదీ కింది హద్దును మాత్రమే చెబుతుంది: సీసా అంతకన్నా పాతది కాదు, అంతే. ఎంత కొత్తదో అది చెప్పదు. ఈ ఒక్క పొరపాటు వల్ల మంచి సేకరణల్లో కూడా తప్పుడు చీటీలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతున్నాయి కనుకనే ఇంతగా చెబుతున్నాను.

అడుగున ఉండే ఊరి పేరుతోనూ ఇదే చిక్కు. అది సోడా నింపిన వ్యాపారి ఊరు. గాజు కర్మాగారం వందల మైళ్ల అవతల ఉండవచ్చు. కర్మాగారం గుర్తు వేరుగా, చిన్నదిగా ఉంటుంది. ఉదాహరణకు ఓవెన్స్–ఇల్లినాయిస్ కంపెనీ 1929లో ఏర్పడింది గనుక, దాని గుర్తు ఉన్న సీసా మీద ఏ పాత తేదీ ఉన్నా ఆ సీసా 1929కి ముందుది కాజాలదు. ఆ గుర్తుకు కుడివైపున ఉండే అంకె సాధారణంగా సంవత్సరాన్ని సూచిస్తుంది. అయితే ఒంటరి 7 కనిపిస్తే 1937 అని తొందరపడకండి, అది 1947 కూడా కావచ్చు.

నా మట్టుకు నేను అక్షరాల జోలికి పోకముందే మూతి చూస్తాను. పక్కనున్న అతుకు గీత (అచ్చు భాగాలు కలిసిన చోట గాజు మీద పడే గీత) మీద గోరు ఆనించి మెల్లగా పైకి జరపండి. గోరుకు తగులుతూ వచ్చిన గీత మెడ మీదే మాయమై, మూతి చుట్టూ నునుపుగా ఉంటే ఆ మూతిని చేత్తో తీర్చారని అర్థం. గీత మూతి అంచు దాటి పైదాకా వెళితే అది యంత్రం పని, సోడా సీసాల్లో సాధారణంగా ఇరవయ్యో శతాబ్దానిది. మూతి క్రౌన్ మూతకు, అంటే అంచు చుట్టూ ముడతలుండే లోహపు మూతకు, సరిపోయేదైతే 1892కు ముందుది కాదు. హచిన్సన్ బిరడాదైతే, అంటే తీగకు అమర్చిన రబ్బరు బిళ్లతో సీసా లోపలి నుంచి మూసేదైతే, 1879కి ముందుది కాదు.

అభ్యాసం: మీ దగ్గరున్న ఒక సీసాకు కింది హద్దు, పై హద్దు (సీసా అంతకన్నా కొత్తది కాదని చెప్పేది) రెండూ నిర్ణయించండి. కింది హద్దుకు సీసా మీదనే కనీసం మూడు ఆధారాలు చూపాలి. పై హద్దుకు సోడా వ్యాపారి పేరును ఆ ఊరి పాత వ్యాపార డైరెక్టరీల్లో ఏటికేడు వెతికి, చివరిసారి ఏ సంచికలో కనిపించిందో రాయండి. ఇందుకు వారాలు పట్టవచ్చు. జవాబు ఒకే ఒక సంవత్సరంగా వస్తే తిరిగి పంపుతాను.