గ్యాలన్ ధరను చదవడం – మూడవ పాఠం: ఒడిదొడుకుల లెక్క, పన్ను లెక్క

అమెరికాలో గ్యాస్ స్టేషన్ (పెట్రోలు బంకు) బోర్డు మీద కనిపించే గ్యాలన్ (సుమారు 3.8 లీటర్లు) ధరను ముడిచమురు, శుద్ధి, పంపిణీ, పన్నులు అని నాలుగు భాగాలుగా విడదీయడం గత పాఠంలో నేర్చుకున్నాం. వాటిలో నిలకడ లేనిది ఏదో, ఆ కుదుపులను పన్నుతో ఎలా తగ్గించవచ్చో ఈ పాఠంలో స్వయంగా లెక్కకట్టి చూద్దాం. ఇందుకు గుర్తుంచుకోవలసిన సంఖ్య ఒక్కటే: బ్యారెల్‌కు 42 గ్యాలన్లు. బ్యారెల్ ధరలో వచ్చిన మార్పును 42తో భాగిస్తే గ్యాలన్‌పై ఎంత భారం పడుతుందో, ఎంత తగ్గుతుందో తెలుస్తుంది. బ్యారెల్‌పై ఒక డాలరు పెరిగితే గ్యాలన్‌పై దాదాపు 2.4 సెంట్లు పెరగాలన్నమాట.

2008 సంవత్సరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఆ జూలైలో అమెరికా ముడిచమురు బ్యారెల్ సగటు ధర సుమారు 133 డాలర్లు, రెగ్యులర్ గ్యాసోలిన్ (సాధారణ పెట్రోలు) గ్యాలన్ సగటు ధర 4.06 డాలర్లు, డిసెంబరు వచ్చేసరికి అవి 41 డాలర్లకు, 1.69 డాలర్లకు పడిపోయాయి. ముడిచమురులో తేడా 92 డాలర్లు. దాన్ని 42తో భాగిస్తే 2.19. గ్యాలన్ ధరలో తేడా 2.37. అంటే ఆ పతనంలో పదింట తొమ్మిది వంతులకు పైగా ముడిచమురు నుంచే వచ్చింది.

ఇక పన్ను సంగతి. అమెరికా కేంద్ర ప్రభుత్వం వేసే ఫెడరల్ పన్ను గ్యాలన్‌కు 18.4 సెంట్లు, 1993 అక్టోబరు నుంచి అది పెరగలేదు. జూలై ధరలో అది నాలుగున్నర శాతం, డిసెంబరు ధరలో దాదాపు పదకొండు శాతం. ధర ఎటు పోయినా సెంట్లలో స్థిరంగా ఉండే ఇలాంటి పన్ను కుదుపును పెంచదు గానీ తగ్గించనూ లేదు. ద్రవ్యోల్బణం వల్ల దాని విలువ ఇప్పటికి సగానికి పైగా కరిగిపోయింది. ఈ పన్ను చేరే రహదారుల నిధికి లోటు ఏర్పడి, 2008 సెప్టెంబరులో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ సాధారణ ఖజానా నుంచి 800 కోట్ల డాలర్లు మళ్లించవలసి వచ్చింది. రోడ్డు వాడుకునేవారు భరించవలసిన ఖర్చును అందరి మీదా వేయడం నా దృష్టిలో సరైన పని కాదు.

అందుకని గ్యాలన్ ధర 3 డాలర్ల కన్నా తగ్గినప్పుడు ఆ వ్యత్యాసాన్ని పన్నుగా తీసుకొని, దాటినప్పుడు ఆ అదనపు పన్నును పూర్తిగా ఎత్తివేసే నియమం ఉందనుకోండి. డిసెంబరులో అదనపు పన్ను 1.31 డాలర్లు, జూలైలో సున్న. ఎత్తుపల్లాల మధ్య తేడా 2.37 నుంచి 1.06కు దిగుతుంది. కారు కొనేవారికీ తయారుచేసేవారికీ కావలసింది ధర మరీ పడిపోదన్న ఈ నమ్మకమే. ధర రేపు సగమవుతుందన్న ఆశ ఉన్నంతకాలం తక్కువ ఇంధనంతో నడిచే కారుకు ఎక్కువ సొమ్ము పెట్టడానికి ఎవరూ ముందుకు రారు.

ఈ భారం ఎవరి మీద పడుతుందో కూడా లెక్కించాలి. గ్యాలన్‌కు 20 మైళ్లు ఇచ్చే పాత కారులో రోజుకు 40 మైళ్లు తిరిగి పనికి వెళ్లే మనిషికి రోజుకు 2 గ్యాలన్లు కావాలి. డిసెంబరులో అతనిపై అదనపు పన్ను 2.62 డాలర్లు. చిన్న జీతగాడికి ఇది తేలికైన మొత్తం కాదు. కాబట్టి వసూలైన దానిలో పెద్ద భాగాన్ని తలకు ఇంత చొప్పున సమానంగా తిరిగి పంచాలి. తక్కువ ఇంధనం వాడేవారికి అప్పుడు కట్టినదానికన్నా ఎక్కువే చేతికి వస్తుంది.

నియమాన్ని ముందే చట్టంలో రాసిపెట్టడం ఎందుకు ముఖ్యమో మన దేశ అనుభవం చెబుతుంది. ముడిచమురు చవకైన 2014 నవంబరు నుంచి 2016 జనవరి వరకు కేంద్రం పెట్రోలుపై ఎక్సైజ్ సుంకాన్ని తొమ్మిది సార్లు పెంచింది. తగ్గింపు 2017 అక్టోబరులో గాని రాలేదు, అదీ లీటరుకు 2 రూపాయలే. పెంచే సూత్రంతో పాటు దించే సూత్రం కూడా చట్టంలో ఉండకపోతే హెచ్చు పన్నును సమర్థించడం నాకు సాధ్యం కాదు.

అభ్యాసం: కనీస ధరను 2.50 డాలర్లుగా పెట్టి 2008 డిసెంబరు అదనపు పన్నును, ఎత్తుపల్లాల మధ్య మిగిలే తేడాను కట్టండి. 0.81, 1.56 రావాలి. వచ్చే పాఠంలో ఇదే పద్ధతిని డీజిల్‌కు, సరుకు రవాణా ఖర్చుకు వర్తింపజేద్దాం.