వానాకాలంలో ఘాట్ దిగే సైకిలిస్టులకు: మలుపులో బ్రేకు పట్టొద్దు

పోయిన ఆదివారం కడప–రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్ దిగుతూ మాతో వచ్చిన ఒక పిల్లవాడు పడ్డాడు. ఇరవై రెండేళ్లవాడు. కాలర్ బోన్ విరిగింది, మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. ఎదురుగా లోడు లారీ ఎక్కుతోంది. డ్రైవరు సమయానికి ఆపాడు. బంపరుకీ వాడి తలకీ మధ్య నాలుగడుగులు కూడా లేవు. నేను వెనకాలే ఉన్నాను, అంతా చూశాను.

హెల్మెట్ ఉంది. లైటు ఉంది. సైకిలు కొత్తది, డిస్క్ బ్రేకులు. ఎక్కేటప్పుడు అందరికంటే ముందు వాడే. పైన పాలకోవా తిన్నాం, చినుకులు పడితే కాసేపు ఆగాం. దిగేటప్పుడు ఒక మలుపు మధ్యలో వేగం ఎక్కువైందని వాడికి తెలిసింది. భయపడి రెండు బ్రేకు లివర్లూ గట్టిగా నొక్కాడు.

ఇక నవంబరు దాకా పాలకొండలు, ఎర్రమల, నల్లమల పచ్చగా ఉంటాయి. గండికోటకి, అహోబిలానికి, నంద్యాల–గిద్దలూరు అడవి దారికి కొత్తవాళ్లు చాలామంది బయలుదేరతారు. హెల్మెట్ పెట్టుకోండి, నీళ్లు తెచ్చుకోండి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. అవి మీకు తెలుసు.

దిగుడు

ఇన్నేళ్లలో నా కళ్ల ముందు పడినవాళ్లలో ఎక్కువమంది ఎక్కుతూ పడలేదు, దిగుతూ పడ్డారు. దాదాపు అందరూ చేసింది ఒకటే తప్పు. వేగం తగ్గించకుండా మలుపులోకి వచ్చి, మలుపులో బ్రేకు పట్టారు.

టైరు రోడ్డుని తాకేది బొటనవేలంత జాగాలో మాత్రమే. ఆ పట్టుకి ఒక హద్దు ఉంది. సైకిలు వంగి తిరుగుతున్నప్పుడు ఆ పట్టులో చాలాభాగం తిరగడానికే సరిపోతుంది. అప్పుడే బ్రేకు కూడా పడితే రెంటికీ చాలదు, చక్రం పక్కకి జారుతుంది. వెనక చక్రం జారితే ఒక్కోసారి సర్దుకోవచ్చు. ముందు చక్రం జారితే ఆ వ్యవధి ఉండదు. ఒకవేళ జారకపోయినా, వంగి ఉన్న సైకిలు ముందు బ్రేకు పడగానే నిటారుగా లేస్తుంది. అలా లేచిన సైకిలు తిరగదు, నేరుగా పోతుంది. ఎడమ మలుపులో నేరుగా పోతే ఎదురు లారీ ముందుకే.

అందుకే వేగం మలుపుకి ముందే తగ్గించాలి. రోడ్డు నేరుగా ఉన్నచోట, సైకిలు నిటారుగా ఉన్నప్పుడు, రెండు బ్రేకులూ కలిపి. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకోవద్దు. దిగుడులో బరువంతా ముందుకి వస్తుంది, వెనక చక్రం తేలికై పట్టేసి జారుతుంది. తిరగడం మొదలుపెట్టేసరికి వేళ్లు లివరు మీద ఊరికే ఆని ఉండాలి. బయటి వైపు పెడల్ కిందికి, ఆ కాలి మీద బరువు. చూపు మలుపు చివర మీద. గుంతని చూస్తూ పోతే గుంతలోకే పోతారు.

ఎంత తగ్గించాలని అడుగుతారు. మలుపు అవతల రోడ్డుకి అడ్డంగా గొర్రెల మంద ఉందనుకుని దిగండి. మన ఊళ్లలో చాలాసార్లు నిజంగానే ఉంటుంది.

సరే, పొరపాటున వేగంగా మలుపులోకి వచ్చేశారు. అప్పుడు లివరు నొక్కేయకండి. చూపు మలుపు చివరికి మార్చండి, సైకిలుని ఇంకొంచెం వంచండి, తప్పదనుకుంటే వెనక బ్రేకు మెత్తగా తాకించండి. పొడి రోడ్డు మీద మంచి టైరు మనం అనుకున్నదానికంటే ఎక్కువే పట్టుకుంటుంది. పడేసేది చాలావరకు భయమే.

దీనికి వ్యతిరేకమైన అలవాటు కూడా ఒకటుంది. పైనుంచి కిందిదాకా బ్రేకు పట్టుకునే దిగేవాళ్లున్నారు. అది జాగ్రత్త కాదు. చక్రం అంచుని రబ్బర్లు నొక్కే రిమ్ బ్రేకైతే, ఆ అంచు (రిమ్) వేడెక్కి ట్యూబు పేలొచ్చు. డిస్క్ అయినా విపరీతంగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది. గట్టిగా పట్టండి, వదలండి. మళ్లీ పట్టండి, వదలండి. తడిలో రిమ్ బ్రేకు వెంటనే పనిచేయదు. రబ్బరు ముందు రిమ్ మీది నీళ్లు తుడవాలి, ఆ తర్వాతే పడుతుంది. కాబట్టి వానలో ఇంకా ముందుగా మొదలుపెట్టాలి.

మలుపుకి ముందే.

తడి రోడ్డు

తొలి చినుకులే ఎక్కువ ప్రమాదం. లారీల ట్యాంకుల నుంచి మలుపుల్లో ఒలికిన డీజిలు, రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, అరిగిన టైర్ల రబ్బరు, అన్నీ మొదటి తడికి పైకి తేలతాయి. గట్టి వాన పడి కడిగేస్తే కొంత నయం. తడి రోడ్డు మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే అది డీజిలో ఆయిలో. దాని మీద వంగొద్దు, బ్రేకు అసలే పట్టొద్దు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కోవెలకుంట్ల వైపు ఇంకో బాధ ఉంది. నల్లరేగడి చేలోంచి ట్రాక్టరు రోడ్డెక్కితే టైర్లకి అంటిన మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. తడిసిందంటే సబ్బు మాదిరి. ఎర్రగుంట్ల, బేతంచెర్ల, కొలిమిగుండ్ల దగ్గర నాపరాయి పొడి, సిమెంటు దుమ్ము కూడా అంతే. బెలుం గుహలకి పోయేవాళ్లు క్వారీ దారి రోడ్డులో కలిసేచోట నెమ్మదించండి.

గాలి

ఇది అనంతపురం మిత్రులకి. ఆషాఢం గాలి పడమటి నుంచి కొడుతుంది. అనంతపురం నుంచి తాడిపత్రి వైపు పోతే గాలి వెనకాల, దారి మొత్తం మీద దిగుడు. గంటకి 35 కిలోమీటర్లు పోతుంటే అది మన కాళ్ల బలమే అనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి, ఎగుడు, ఎండ, ఖాళీ సీసాలు. మొదట గాలికి ఎదురుగా, కళ్యాణదుర్గం వైపు పొండి. అలసిపోయాక గాలే ఇంటికి తోస్తుంది. కొండ చాటు నుంచి బయటికొచ్చే మలుపులో గాలి ఒక్కసారిగా పక్కనుంచి కొడుతుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకోండి, బ్రేకు కాదు.

ఇంకా కొన్ని. వరసగా చెప్తున్నాను, ఒక్కటీ వదలొద్దు.

బయలుదేరే ముందు బ్రేకు రబ్బర్లు, ప్యాడ్లు చూడండి. అరిగితే ఆ రోజు ఘాట్ వద్దు.

వానరోజు టైర్లో గాలి మామూలు కంటే కొంచెం తక్కువ పెట్టండి.

లారీ వెనకాలే అంటిపెట్టుకుని దిగొద్దు. ముందు గుంత కనపడదు.

దిగే లారీకి ముందు కూడా ఉండొద్దు. బ్రేకులు కాలిన వాసన వచ్చిందా, రోడ్డు దిగి ఆగండి, దాన్ని పోనివ్వండి.

హెయిర్‌పిన్ మలుపులో లారీకి లోపలి వైపు దూరొద్దు. వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి.

తెల్లగీతల మీద, వంతెనల ఇనుప జాయింట్ల మీద తడిలో వంగొద్దు.

వంక పారుతుంటే దిగొద్దు. మోకాలి లోతేనని ఊళ్లోవాళ్లు చెప్పినా దిగొద్దు. 2021 నవంబరు వరదల్లో చెయ్యేరు, పాపాఘ్ని నదులు ఏం చేశాయో కడపవాళ్లకి చెప్పనక్కర్లేదు.

శ్రీశైలం అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు ఆపేస్తారు. సైకిలే కదా అని చెక్‌పోస్టు పక్కనుంచి జారుకోవద్దు.

నల్లమలలో చీకటి ఉండగా తొక్కొద్దు, ఒంటరిగా తొక్కొద్దు. 2024లో పచ్చర్ల దగ్గర చిరుత ఒక మహిళని చంపింది.

కుక్క వెంటపడితే హ్యాండిల్ అడ్డంగా తిప్పొద్దు.

రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చుట్టూ రాళ్లు పెడతారు. సాయంత్రం వెలుగులో అవి కనపడవు.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. దిగుతూ వీడియో తీయొద్దు. దిగుతూ పందెం అసలు వద్దు.

పడినవాణ్ణి చెయ్యి పట్టి లేపొద్దు. ముందు రోడ్డు పైన, కింద ఒక్కొక్కరు నిలబడి బండ్లు ఆపండి. 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. సిగ్నల్ ఎక్కడ పోతుందో ఎక్కేటప్పుడే చూసిపెట్టుకోండి.

మలుపులో బ్రేకు పట్టొద్దు. మలుపుకి ముందే.

ఈ ఆదివారం మేం ఘాట్‌కి పోవడం లేదు. కడప బయట ఖాళీ స్థలంలో నీళ్ల సీసాలు మలుపులా పేర్చి సాధన చేస్తాం. మొదటి సీసా దాటేలోపు బ్రేకు వదిలేయాలి, వదిలాకే తిరగాలి. ముందు పొడి నేల మీద ఇరవైసార్లు, తర్వాత నీళ్లు చల్లి ఇరవైసార్లు. ఉదయం ఆరింటికి మొదలు. కట్టుతోనే మా పిల్లవాడు కూడా వస్తానన్నాడు, సీసాలు పేర్చడానికి.