‘సబాల్టర్న్’ అన్న మాటకు అర్థం చెప్పడం ఎలా?

కావలసినవి మూడే: ఏ అర్థం ఎప్పుడు వాడుకలోకి వచ్చిందో చెప్పే పెద్ద ఇంగ్లిష్ నిఘంటువు, కాగితం, పెన్సిల్. ఫోన్‌లో రాసుకోవద్దు. కాగితం మీదైతేనే అర్థాల వరుస కంటికి ఆనుతుంది.

ముందు మాటను విడగొట్టండి. లాటిన్‌లో ‘సబ్’ అంటే కింద, ‘ఆల్టెర్నుస్’ అంటే ఒకటి విడిచి ఒకటిగా వచ్చేది. రెండు నిమిషాల పని.

తర్వాత పాత అర్థం పైన, కొత్తది కింద వచ్చేలా రాయండి. 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు ‘కింది స్థాయిది’. 17వ శతాబ్దం చివరికి సైన్యంలో కెప్టెన్ కంటే చిన్న అధికారి. 1930ల్లో ఇటలీ మార్క్సిస్టు నాయకుడు గ్రాంసీ జైల్లో రాసుకున్న నోట్సులో, పాలకుల పెత్తనం కింద ఉన్న వర్గాలు. 1982లో చరిత్రకారుడు రణజిత్ గుహా సంపాదకత్వంలో ‘సబాల్టర్న్ స్టడీస్’ అనే చరిత్ర వ్యాసాల మొదటి సంపుటం వచ్చాక మన చరిత్రకారుల మాట.

ఇక అసలు చిక్కు. మీ ముందున్న వాక్యంలో వీటిలో ఏది? ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. ‘సబాల్టర్న్’ కనపడగానే ‘అణగారిన వర్గాలు’ అని రాసేస్తున్నారు. 1896లో బెంగళూరు కంటోన్మెంట్‌కు వచ్చిన చర్చిల్ సబాల్టర్నే! తల నెరిసిన సుబేదారు కూడా ఆ కుర్ర తెల్ల అధికారి కంటే హోదాలో కిందే. చర్చిల్‌ని అణగారినవాడు అంటే చరిత్ర తలకిందులవుతుంది. అందుకే వాక్యం ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చూడకుండా పెన్సిల్ ఎత్తకండి. ఆ మనిషి ఆజ్ఞ ఇస్తున్నాడా, ఆజ్ఞ కింద నలుగుతున్నాడా అని అడగండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది. రెండు భాషల చిన్న నిఘంటువులతో ఇది తేలదు. అవి అర్థాలన్నీ పక్కపక్కన పోసి, కాలం చెప్పకుండా వదిలేస్తాయి.

చరిత్రకారుల అర్థమని తేలాక కూడా తొందరపడొద్దు. అది ‘పేదలు’ కాదు, ఒక్క కులం పేరూ కాదు. వర్గం, కులం, వయసు, ఆడామగా తేడా, ఉద్యోగ హోదా, ఏ కారణంగానైనా కిందికి నెట్టబడిన స్థితి అని గుహా వివరించారు. ఆ మొదటి సంపుటంలోనే గూడెం, రంప కొండల తిరుగుబాట్ల మీద డేవిడ్ ఆర్నాల్డ్ వ్యాసం ఉంది. అక్కడ సబాల్టర్న్‌లు మన్యం జనం. దాన్ని ‘చిన్న అధికారులు’ అని దించితే అల్లూరి పోరాటానికే అన్యాయం.

తెలుగులో రాసేటప్పుడు సైన్యం సందర్భమైతే ‘చిన్న అధికారి’, చరిత్ర అయితే ‘అట్టడుగు జనం’ అనండి. పలికేటప్పుడు బ్రిటిష్ వాళ్లలా మొదటి అక్షరాన్ని ఒత్తండి. అమెరికన్లు రెండోదాన్ని ఒత్తుతారు.